పేదవాని చేతికి బైబిలు: కాన్‌స్టైన్ దొర



ఆదివారం మీరు చంకన పెట్టుకొని మందిరానికి తీసుకెళ్లే బైబిలు అంత లావు గ్రంథమైనా, కూలి చేసుకొనేవారు సైతం కొనగల వెలకు దొరుకుతుంది. ఈ ఏర్పాటు వెనుక న్యాయశాస్త్రం చదివిన ఒక దొర వేసిన లెక్క ఉంది.

కార్ల్ హిల్డెబ్రాండ్ ఫాన్ కాన్‌స్టైన్ 1667 ఆగస్టు 4న జర్మనీలోని లిండెన్‌బర్గ్‌లో గొప్ప వంశంలో జన్మించారు. తండ్రి బ్రాండెన్‌బర్గ్ ఆస్థానంలో పెద్ద అధికారి. మన విజయనగరం, బొబ్బిలి సంస్థానాల దివానులవంటివారనుకోండి. కుమారుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో న్యాయశాస్త్రం చదివి, దేశాలు తిరిగి, బెర్లిన్ ఆస్థానంలో కొలువుకు చేరారు. తరువాత సైన్యంతో ఫ్లాండర్స్ వెళ్లినప్పుడు రక్తవిరేచనాలు పట్టి ప్రాణంమీదికి వచ్చింది. బ్రతికిస్తే జీవితమంతా నీకే అని దేవునికి మ్రొక్కుకొన్నారు. మంచంమీద మ్రొక్కుకొని లేచాక మరచేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు గదా! ఈయన మరువలేదు.

బెర్లిన్‌లో స్పేనర్ అనే దైవజనునితో, ఆయన ద్వారా హాలే పట్టణంలో అనాథాశ్రమం నడిపే ఫ్రాంకేతో స్నేహం కుదిరింది. కాన్‌స్టైన్ పాదిరి కాలేదు, ప్రసంగపీఠం ఎక్కలేదు. బైబిలు పేదవానికి ఎందుకు అందడం లేదని ఆలోచించారు. ఆ రోజుల్లో ముద్రాపకులు కొన్ని పేజీలకు సీసపు అక్షరాలు పేర్చి, అచ్చయ్యాక విడదీసి, వాటితోనే తరువాతి పేజీలు పేర్చేవారు. మళ్లీ అచ్చు వేయాలంటే మొదటినుండి పేర్చాలి; ప్రతిసారీ కూలి, ప్రతిసారీ కొత్త తప్పులు. పుస్తకమంతా ఒక్కసారే పేర్చి విడదీయకుండా ఉంచితే? అక్షరాలకు మొదట చాలా సొమ్ము కావాలి గాని, తరువాత కాగితం ఖర్చు, అచ్చు కూలి మాత్రమే మిగులుతాయి. దొరికిన తప్పు ఒక్కసారి దిద్దితే చాలు.

1710లో ఈ సంగతి చిన్న పుస్తకంగా ప్రకటించి చందాలు అడిగారు, తన సొమ్మూ పెట్టారు. 1712లో హాలేలో క్రొత్త నిబంధన వెలువడింది, వెల 2 గ్రోషెన్‌లే. మరుసటి ఏడు పూర్తి బైబిలు వచ్చింది. ఈనాటి బైబిలు సొసైటీలకు ఇదే తొలి నమూనా. 1719 ఆగస్టు 19న ఆయన బెర్లిన్‌లో ప్రభువునందు నిద్రించారు. తన గ్రంథాలయాన్ని హాలే అనాథాశ్రమానికి వ్రాసియిచ్చారు.

అదే సంవత్సరం హాలేవారు పంపిన బెంజమిన్ షుల్జ్ తరంగంబాడిలో దిగారు. తరువాత మద్రాసులో తెలుగు నేర్చుకొని, 1732 నాటికి బైబిలును మన భాషలోనికి తెచ్చారు. హాలేకు తిరిగి వెళ్లాక కొన్ని చిన్న తెలుగు పుస్తకాలు అక్కడే అచ్చువేయించారు గాని, ఆ బైబిలు చేతివ్రాతగానే మిగిలిపోయింది.

అచ్చు సువార్త మనవారి చేతికి రావడానికి మరి 80 ఏళ్లు పట్టింది. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజ్. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో డెస్‌గ్రాంజ్ అనువదించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి క్రాన్ మరణించి మూడేళ్లు, డెస్‌గ్రాంజ్ మరణించి రెండేళ్లు.