పుట్టిన ఊరొకటి, వేసుకున్న జెర్సీ మరొకటి

2023 జూన్ 26. హరారేలో ప్రపంచకప్ అర్హత మ్యాచ్. వెస్టిండీస్ 374 పరుగులు కొట్టేసరికి నెదర్లాండ్స్ పని అయిపోయిందనే అనుకున్నారు. అప్పుడు తేజ నిడమనూరు బ్యాట్ ఝుళిపించాడు. 76 బంతుల్లో 111. ఇంటిపేరు చెప్పకనే చెబుతోంది, అతను పుట్టింది విజయవాడలో. చిన్నప్పుడే తల్లితో న్యూజిలాండ్ వెళ్లాడు. క్రికెట్ నేర్చుకున్నదీ చదువుకున్నదీ అక్కడే. 2019లో ఉద్యోగం మీద నెదర్లాండ్స్ చేరాడు. 2022లో ఆ దేశం తరఫున వన్డే ఆడాడు.

స్కోర్లు సమమయ్యాయి. సూపర్ ఓవర్లో నెదర్లాండ్స్ ఆటగాడు లోగన్ వాన్ బీక్ మూడు ఫోర్లు, మూడు సిక్సర్లతో 30 పరుగులు పిండుకున్నాడు. బంతి కూడా తనే అందుకుని విండీస్‌ను ఎనిమిది పరుగులకే ఆపేశాడు. ఇతనిదీ వలస కథే. పుట్టింది న్యూజిలాండ్‌లో, అండర్-19 ఆడింది ఆ దేశానికే.

అసలు విశేషం వాన్ బీక్ తాతగారిది. ట్రినిడాడ్‌కు చెందిన సామీ గిలెన్ వెస్టిండీస్ వికెట్ కీపర్. 1951-52లో జట్టుతో న్యూజిలాండ్ వెళ్లి, ఆ తర్వాత అక్కడే స్థిరపడ్డాడు. 1956లో ఆ దేశం తరఫునే టెస్టులాడాడు, అదీ తన పాత జట్టు మీద. టెస్టుల్లో అడుగుపెట్టి 26 ఏళ్లయినా ఒక్క గెలుపూ ఎరగని న్యూజిలాండ్‌కు ఆక్లాండ్‌లో మొదటి విజయం దక్కింది. ఆఖరి వికెట్ వాలెంటైన్‌ది. బెయిల్స్ ఎగరగొట్టి స్టంపౌట్ చేసింది గిలెనే.

దేశం మార్చి ఆడటం మనకు మాత్రం కొత్తా? ఇంగ్లండ్ తరఫున సెంచరీ కొట్టిన పెద్ద పటౌడీ నవాబు 1946లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. హైదరాబాద్‌లో పుట్టి, హైదరాబాద్‌కే రంజీ ఆడిన ఆసిఫ్ ఇక్బాల్ 1961లో పాకిస్థాన్ వెళ్లిపోయాడు. 1979-80లో పాకిస్థాన్ కెప్టెన్‌గా భారత పర్యటనకు వచ్చాడు. మేనమామ గులాం అహ్మద్ భారత జట్టుకు కెప్టెన్‌గా చేసినవాడు!

ఇలాంటి ఆటగాళ్ల గురించి మాటొస్తే చాలు, దేశభక్తి, ద్రోహం అంటూ వాదన మొదలవుతుంది. ఆటగాడి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? ఎవరు వెంటనే వెళ్లొచ్చు, ఎవరు ఆగాలి అన్నది మాత్రం నిబంధనల పుస్తకంలో స్పష్టంగా ఉంటుంది. తగువు పడాల్సింది దానితో.

ఒలింపిక్స్‌లో దేశం మారితే మూడేళ్లు ఆగాలి. పాత దేశం ఒప్పుకుంటే గడువు తగ్గొచ్చు. కెన్యాలో స్టీఫెన్ చెరోనోగా పుట్టిన పరుగువీరుడు 2003లో సైఫ్ సయీద్ షహీన్ పేరుతో ఖతార్‌కు మారాడు. అదే ఏడాది పారిస్ ప్రపంచ పోటీల్లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచాడు. అదే పరుగులో సొంత అన్న కెన్యా తరఫున పాల్గొన్నాడు. మరుసటి ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కెన్యా ససేమిరా అంది. అక్కడ మూడు పతకాలూ కెన్యావాళ్లే పట్టుకెళ్లారు. పది రోజులకు బ్రస్సెల్స్‌లో షహీన్ 7 నిమిషాల 53.63 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. దాన్ని కొట్టేవాడు 2023 దాకా రాలేదు.

క్రికెట్‌లో తూకం వేరు. పుట్టుక, పౌరసత్వం, మూడేళ్ల నివాసం, ఏదో ఒకటి ఉంటే ఆ దేశానికి ఆడొచ్చు. ఒక దేశానికి ఆడాక మరో దేశానికి మారాలంటే మధ్యలో మూడేళ్ల విరామం ఉండాలి. కానీ టెస్టు హోదా లేని అసోసియేట్ జట్టు నుంచి ఆ హోదా ఉన్న జట్టుకు వెళ్లేవాడికి ఆ విరామం అక్కర్లేదు. అంటే చిన్న జట్టు పెంచి పెద్దచేసిన ఆటగాణ్ని పెద్ద జట్టు రాత్రికి రాత్రే తీసుకుపోవచ్చు. తిరిగి రావాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది. దక్షిణాఫ్రికాకు 2010 దాకా ఆడిన వాన్ డర్ మెర్వ్ నెదర్లాండ్స్ జెర్సీ వేసుకున్నది 2015లో.

ఈ దెబ్బ గట్టిగా తిన్నది ఐర్లాండ్. 2006 జూన్‌లో బెల్‌ఫాస్ట్‌లో ఇంగ్లండ్‌తో వన్డే. డబ్లిన్‌వాడైన ఎడ్ జాయిస్ మొదటి వన్డే ఆడాడు, ఇంగ్లండ్ తరఫున. అతని తమ్ముడు డొమినిక్ కూడా ఆ రోజే మొదటి వన్డే ఆడాడు, ఐర్లాండ్ తరఫున. ఆ తల్లిదండ్రులు ఎవరికి చప్పట్లు కొట్టి ఉంటారో!

ఇయాన్ మోర్గాన్ సంగతి మరీ చిత్రం. 2009 ఏప్రిల్‌లో ప్రపంచకప్ అర్హత కోసం ఐర్లాండ్‌కు ఆడాడు. మే నెలలో ఇంగ్లండ్ వన్డే జట్టులో ఉన్నాడు. అలాగని అతన్ని తిట్టిపోయడం సులువే గాని, అప్పట్లో ఐర్లాండ్‌కు టెస్టు హోదాయే లేదు. టెస్టులాడాలన్న కోరిక ఉన్నవాడు ఇంకెక్కడికి పోతాడు? 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్‌కు పురుషుల మొదటి వన్డే ప్రపంచకప్ అందుకున్నది ఈ డబ్లిన్ కుర్రాడే.

ఐర్లాండ్‌కు 2017లో టెస్టు హోదా వచ్చింది. దాంతో ఆ దొడ్డిదారి మూసుకుపోయింది. ఇప్పుడు ఐర్లాండ్ ఆటగాడు ఇంగ్లండ్‌కు మారాలంటే మూడేళ్లు ఖాళీగా కూర్చోవాల్సిందే. 2020 ఆగస్టులో సౌతాంప్టన్‌లో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. మోర్గాన్ 106 కొట్టాడు, ఇంగ్లండ్ 328 చేసింది. స్టిర్లింగ్, కెప్టెన్ బాల్బర్నీ చెరో శతకం బాదడంతో ఐర్లాండ్ ఆ లక్ష్యాన్ని ఆఖరి ఓవర్లో ఛేదించింది. బాల్బర్నీదీ డబ్లినే.