ఇంటి కంప్యూటరు - స్వేచ్ఛా సాఫ్టువేరు

పాత కంప్యూటరును పారవేయబోయే ముందు అందులోని ఫైళ్లను కొత్తదానిలోనికి దింపుకోవడం ప్రతి ఇంటా జరిగేదే. ఛాయాచిత్రాలు సుఖంగానే వచ్చి చేరుతాయి. ఇరవై, ముప్పై ఏళ్లనాడు తెలుగులో టైపు చేసిన ఉత్తరాలు, వంశవృక్షాలు, పెద్దవారి జ్ఞాపకాలు మాత్రం ఒక్కొక్కప్పుడు తెరుచుకోవు. తెరుచుకొన్నా తెలుగు లిపికి బదులు రోమను అక్షరాల, విరామచిహ్నాల గందరగోళం దర్శనమిస్తుంది. ఫైలు చెక్కుచెదరకుండానే ఉన్నది గాని, దానిని చదివే తాళపుచెవి పోయింది. అట్టి తాళపుచెవి ఎవరి వద్ద ఉండాలి? ఈ ప్రశ్నకు లభించిన సమాధానాలలో స్వేచ్ఛా సాఫ్టువేరు ఒకటి.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న మాటకు రెండర్థాలు ఉండడం వలన ఈ ఉద్యమకారులు ఏళ్ల తరబడి వివరణలు ఇచ్చుకోవలసి వచ్చింది. తెలుగుకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ సాఫ్టువేరును ప్రచారం చేస్తూ, తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టంను రూపొందించిన సంస్థ 'స్వేచ్ఛ' అన్న పేరే పెట్టుకొన్నది.

దుకాణంలో కొన్న సాంబారు పొడిని ప్రయోగశాలలో విశ్లేషిస్తే అందులోని దినుసుల పాళ్లు కొంతవరకు తేలుతాయి. ఏది ముందు వేయించారో, ఎంత సెగ మీద వేయించారో తెలియడం కష్టం. తయారుచేసే విధం వ్రాసిన చీటీ చేతికి ఇస్తే ఆ శ్రమ అక్కరలేదు; ఎవరి రుచికి తగినట్లు వారు కారం తగ్గించుకోవచ్చును కూడ. ప్రోగ్రాము విషయమూ ఇంతే. మనిషి వ్రాసినది మూలపాఠం, అనగా సోర్సు కోడు. యంత్రం నడిపేది దాని నుండి తయారైన అంకెల వరుస. అమ్మకపు ప్రోగ్రాములలో సాధారణంగా ఈ రెండవది మాత్రమే కొన్నవారికి దక్కుతుంది. స్వేచ్ఛా సాఫ్టువేరులో మూలపాఠాన్ని ఎవరైనా చదువవచ్చు, సవరించవచ్చు, ఇతరులకు పంచవచ్చు. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ పథకం, ఫిన్లండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్సు ఈ మార్గానికి పునాదులు.

తెలుగు ఫైళ్లకు పట్టిన దుర్గతికి కారణం వేరొకచోట ఉన్నది. 1990లలో తెలుగు ఫాంటులను తయారుచేసినవారు రోమను అక్షరాల స్థానాలలో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తులు మొదలైన అక్షర ఖండాలను ఎవరికి తోచినట్లు వారు అమర్చేవారు. ఒక ఫాంటులో కకారం ఉన్నచోట మరొక ఫాంటులో మకారపు ఒత్తు ఉండవచ్చు. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణం తన తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించినది గాని, అది గృహ కంప్యూటర్లలో కుదురుకొనడానికి మరొక దశాబ్దం పట్టింది. ఆ తరువాత కూడ కొంతకాలం తెలుగు దినపత్రికల వెబ్ పుటలలో ఎవరి ఫాంటు వారిదే.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తొలి పూర్తి కూర్పు 2004 నవంబరులో విడుదలైనది. దానిని సామాన్య ప్రజలకు పరిచయం చేయడానికి అభిమానులు చందాలు వేసుకొని, ఆ డిసెంబరు 16న న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పుటల ప్రకటన వేయించారు. అందులో పదివేల మందికి పైగా దాతల పేర్లు ఉన్నాయి. (శుభలేఖలో బంధువుల పేర్లన్నీ వేయించే తెలుగువారికి ఇది వింతగా తోచదు.) ప్రకటన కన్న తెలుగు పాఠకులకు మేలు చేసినది 'పద్మ' అనే చిన్న అనుబంధ ప్రోగ్రాము. ఫైర్‌ఫాక్స్‌కు దానిని తగిలిస్తే, పత్రికల సొంత ఫాంటులలోని పాఠం అప్పటికప్పుడు యూనికోడులోనికి మారి కనబడేది. 2017లో ఫైర్‌ఫాక్స్ తన అనుబంధాల పద్ధతిని మార్చడంతో పాత తరహావన్నీ పనిచేయడం మానినవి. స్వేచ్ఛా సాఫ్టువేరుకూ ఇటువంటి ఒడుదొడుకులు తప్పవు. అయితే మూలపాఠం బయట ఉన్నంతవరకు పని మొదటి నుండి ఆరంభించవలసిన అవసరం ఉండదు.

లేఖలు వ్రాసుకొనడానికి నేడు లిబ్రె ఆఫీసు ఉన్నది. జర్మనీలో స్టార్ ఆఫీసుగా పుట్టి, 2000లో సన్ సంస్థ ద్వారా మూలపాఠంతో సహా బయటికి వచ్చి, 2010లో ఈ పేరు పొందినది. దానిలో దాచిన ఓడీటీ ఫైలుకు నకలు తీసి, పేరు చివర 'జిప్' అని మార్చి తెరచి చూస్తే లోపల కొన్ని చిన్న ఫైళ్లు కనిపిస్తాయి. వాటిలో 'కంటెంట్' అన్న పేరు గలదానిని ఏ సామాన్యమైన ఎడిటరులో తెరచినా, గుర్తుల నడుమ వ్రాసిన తెలుగు వాక్యాలు చదువవచ్చును. ఈ అమరిక 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. వర్డ్ వాడే డాక్స్ అమరికకు కూడ 2008లో ఆ గుర్తింపు లభించినదని చెప్పడం న్యాయం.

ఇక మారడం ఎట్లు? జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో నిర్ణయం తీసుకొని, సుమారు 15 వేల కంప్యూటర్లను 2013 నాటికి లినక్సుకు మార్చినది. 2017లో నగరసభ తిరిగి విండోస్‌కే మొగ్గినది. ఫ్రాన్సులోని జాందార్మెరీ రక్షకదళం మరొక క్రమం పాటించినది. విండోస్ మీదనే 2005లో ఓపెన్ ఆఫీసును, తరువాత ఫైర్‌ఫాక్స్‌ను అలవాటు చేసి, 2008 నుండి ఆపరేటింగ్ సిస్టంను మార్చసాగినది. గృహస్థులకు ఈ రెండవ దారియే క్షేమం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సహాయం 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, గట్టిగా ఉన్న పాత యంత్రాలకు లినక్సు కొత్త ఆయువు పోయగలదు. పెన్ డ్రైవు నుండి నడిపించి, డిస్కును ముట్టకుండానే పరీక్షించవచ్చును. ప్రింటరు, పన్నుల లెక్కల ప్రోగ్రాము, పిల్లల బడి కోరే ప్రోగ్రాములు అందులో పనిచేస్తాయో లేదో ముందుగా చూసుకోవాలి. పనిచేయనిచోట పట్టుదలకు పోనక్కరలేదు. విండోస్ మీదనే లిబ్రె ఆఫీసు వాడుకోవచ్చును.

వీటన్నిటికన్న ముందు చేయవలసిన పని ఒకటున్నది. పాత కంప్యూటరు ఇంకా నడుస్తూ ఉండగానే, తెలుగు ఫైళ్లను వాటి ఫాంటుతో తెరచి పీడీఎఫ్‌గా గాని, కాగితం మీద గాని ముద్రించుకోవాలి. ఆ ఫాంటు ఫైలును కూడ పక్కనే దాచి ఉంచాలి. ఏనాడైనా ఆ లేఖలను యూనికోడులోనికి మార్చవలసి వస్తే, ఏ స్థానంలో ఏ అక్షరం ఉన్నదో తెలుసుకొనడానికి అదే ఆధారం.