భువనగిరి బండ నుంచి ఎవరెస్టు దాకా!

ఏలూరు, తాడేపల్లిగూడెం పిల్లలకు కొండంటే ద్వారకా తిరుమలే! కొల్లేటి వైపు వెళితే అదీ ఉండదు. ఎటు చూసినా వరిచేలు, చేపల చెరువులు. ఇలాంటి చోట పుట్టినవాళ్లకు పర్వతారోహణ ఎక్కడిదీ అనిపిస్తుంది. కానీ మాలావత్ పూర్ణ కూడా మంచుకొండలు చూస్తూ పెరిగిన పిల్లేం కాదు.

నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుండగా రాక్ క్లైంబింగ్ శిక్షణకు ఎంపికైంది. అప్పట్లో గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్.ప్రవీణ్ కుమార్. పేదింటి పిల్లలూ ఇలాంటి సాహసాలు చేయాలన్నది ఆయన పట్టుదల. పర్వతారోహకుడు శేఖర్ బాబు కోచ్.

భువనగిరి కోట ఉన్న ఏకశిల దాదాపు 500 అడుగుల ఎత్తుంటుంది. పూర్ణ తొలి పాఠాలు అక్కడే. వేళ్లు దూరే పగులు వెతకడం, కాలు ఆనించి బరువు మోపడం, తాడును నమ్మడం... ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో మంచు మీద సాధన. వడపోతలన్నీ దాటి ఎవరెస్టుకు మిగిలింది ఇద్దరే: పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఖర్చు గురుకుల సొసైటీదే.

బండ పాఠమే అక్కరకొచ్చింది

పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు. అందుకే టిబెట్ వైపు నుంచి బయల్దేరారు. ఆ యాత్ర సాగుతున్న రోజుల్లోనే, 2014 ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచుచరియలు విరిగిపడి 16 మంది చనిపోయారు. పిల్లల్ని పంపిన ఇళ్లలో ఎంత గుబులో!

టిబెట్ దారిలో మంచొక్కటే కాదు, నిటారు రాతి గోడలూ ఉంటాయి. 8,600 మీటర్ల ఎత్తున ఉండే 'సెకండ్ స్టెప్' దగ్గర నిచ్చెన ఎక్కాలి. అక్కడి గాలిలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడోవంతే. బండ మీద నేర్చిన ఒడుపు అక్కరకొచ్చేది అలాంటి చోటే.

2014 మే 25న ఇద్దరూ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన అమ్మాయిల్లో అందరికన్నా చిన్నది!

అక్కడితో ఆగలేదు. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్, 2019లో అకాంకాగువా, కార్‌స్టెన్స్ పిరమిడ్, విన్సన్, 2022లో డెనాలీ. అలా ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తయ్యాయి. ఆమె కథతో రాహుల్ బోస్ తీసిన 'పూర్ణ' సినిమా 2017లో విడుదలైంది.

పాకాలలో మంచుకొండ లేదు. మన కొల్లేటి ఊళ్లలో అసలు కొండే లేదు. పూర్ణను నడిపించింది పుట్టిన ఊరు కాదు... ఎక్కడం నేర్పిన గురువులు, ఖర్చు భరించిన బడి, గుండె దిటవు చేసుకుని 'వెళ్లిరా' అన్న అమ్మానాన్నలు. అవి దొరికితే ఏ ఊరి అమ్మాయైనా ఎక్కగలదు!