బాకీ ఎవరిది?

నల్లజాతి పిల్లలు చదువులో ఏల వెనుకబడుచున్నారని అమెరికా విద్యావేత్తలు చిరకాలము ప్రశ్నించుచు వచ్చిరి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ ఆ ప్రశ్ననే మార్చివేసిరి: ఆ పిల్లలకు చక్కగా చదువు చెప్పుచున్న ఉపాధ్యాయులు చేయుచున్నదేమి?

ఉత్తర కాలిఫోర్నియాలో తల్లిదండ్రులును ప్రధానోపాధ్యాయులును ఏకముఖముగా మెచ్చిన ఎనమండుగురు ఉపాధ్యాయినుల తరగతులను ఆమె పరిశీలించిరి. ఆ కృషి ఫలమే 1994లో వెలువడిన ‘ది డ్రీమ్‌కీపర్స్’ గ్రంథము. ఆ ఉపాధ్యాయినులలో అయిదుగురు నల్లవారు, మువ్వురు తెల్లవారు. బోధనరీతులు వేరువేరు, విశ్వాసము మాత్రము ఒక్కటే. ప్రతి బిడ్డయు నేర్వగలడు. ఇంటి భాషను, ఆచారమును బడి గుమ్మము వెలుపల విడిచి రానక్కరలేదు. పాఠమునకు పునాది అవియే. లోకమందలి అన్యాయమును ప్రశ్నింప నేర్చుటయు చదువులో భాగమే.

2006లో అమెరికా విద్యాపరిశోధక సంఘాధ్యక్షురాలి హోదాలో ప్రసంగించుచు ఆమె మరియొక అడుగు ముందుకు వేసిరి. మార్కులలోని తేడాను ‘అంతరము’ అనుట చాలదనిరి. తరతరములుగా బడిని, నిధులను, ఓటును నిరాకరించుటవలన పేరుకొనిన ‘విద్యా ఋణము’ అది అని వివరించిరి.

అంతరమన్నచో పరుగెత్తవలసినవాడు పిల్లవాడు. ఋణమన్నచో తీర్పవలసినది సమాజము.