రాని గళ్ల

బెంగళూరులో నేను గళ్ల పరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్‌ని. మాది హిందూపురం వైపు. స్లైడు మీద గళ్ల పలచగా పూసి, ఎర్రరంగు పోసి, ఆవిరి లేచేదాకా కింద మంట పెడతాం. యాసిడ్‌తో కడిగితే మిగతావి రంగు వదిలేస్తాయి, క్షయ క్రిమి వదలదు. మైక్రోస్కోపులో నీలం మధ్య సన్నటి ఎర్రపుల్లల్లా కనబడుతుంది. ఈ ఊళ్లోనే బిగ్‌టెక్ ల్యాబ్‌లో రూపొందిన ట్రూనాట్ యంత్రం ఇంకా బాగా పట్టేస్తుంది. అయితే ఏ యంత్రమైనా తన దగ్గరికొచ్చిన గళ్లనే చూస్తుంది. రాని గళ్ల గురించే నా బాధంతా.

దేశంలో టీబీ తగ్గుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2015లో లక్షమందికి 237 కొత్త కేసులుంటే, 2023లో 195. తగ్గిందని సంతోషమే, కానీ ఈ నడక చాలదు.

మందు అందకపోతే ఏమవుతుందో ఈ ఊరి చుట్టుపక్కలే తేలింది. బళ్లారి రోడ్డులోని జాతీయ క్షయ సంస్థవాళ్లు 1961 నుంచి 1968 దాకా బెంగళూరు పల్లెల్లో మళ్లీమళ్లీ సర్వే చేశారు. గళ్లలో క్రిమి ఉన్నవాళ్లలో అయిదేళ్లు తిరిగేసరికి సగంమంది పోయారు. మూడోవంతు వాళ్లంతట వాళ్లే కోలుకున్నారు. మిగిలినవాళ్ల గళ్లలో క్రిమి అలాగే ఉంది.

అదే సంస్థ తుమకూరు జిల్లాలో చేసి 1963లో అచ్చువేసిన అధ్యయనం నన్ను మరీ కలవరపెడుతుంది. రోగుల్లో సగానికి పైగా అప్పటికే వైద్యం కోసం వెళ్లారు. చాలామందికి దక్కింది దగ్గుమందు సీసా. అప్పుడు వాళ్లొచ్చినా మనం పట్టుకోలేదు. ఇప్పుడు రావడమే లేదు: 2019–21 జాతీయ సర్వేలో లక్షణాలున్నవాళ్లలో 64 శాతం వైద్యం జోలికే పోలేదు. దొరికిన రోగుల్లో 42.6 శాతం ఎక్స్‌రే తీయబట్టే బయటపడ్డారు.

ఎందుకు రారో నాకు తెలుసు. అనంతపురం, కర్నూలు నుంచొచ్చిన కూలీలు కట్టడాల పక్కన రేకుల షెడ్లలో ఇరుక్కుని ఉంటారు. నెల దాటి దగ్గుతున్న ఒకాయన్ని రమ్మంటే, "మేస్త్రీ సెలవియ్యడన్నా, స్లాబు వేసినాక వస్తాలే" అన్నాడు.

"అంతదాకా ఆగద్దప్పా, ఈ డబ్బీలో గళ్ల వేసియ్యి, నేనే తీసుకపోతా" అన్నాను. ఇచ్చాడు. క్రిమి ఉంది.

టీబీ రోగుల పోషణకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరు నుంచి 1000 చేశారు. మంచిపనే. కానీ అది రోగం తేలాక వచ్చే డబ్బు. పరీక్షకని ఒక పూట కూలి పోగొట్టుకోలేనివాడి దగ్గరికి చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాన్ని మనమే తీసుకెళ్లాలి. అదీ ఆదివారం, వాళ్లు షెడ్లలో ఉండే రోజున.