వరదనాటి మురుగు – గృహిణుల కర్తవ్యము

మురుగును గూర్చి వ్రాయుట గృహిణికి తగునాయని కొంద రనవచ్చును. కాని వంటయింటి బిందెలోని మంచినీటికిని, వీథిలోని మురుగునకును గల దూరము వరదనాడు జానెడు మాత్రమే.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి, విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టునున్న పేటలు మునిగిపోయినవి. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజీవద్ద కృష్ణ సెకనునకు 11 లక్షల ఘనపుటడుగులకు మించి ప్రవహించెను. మా బంధువుల యింట వాకిటికి వరద రాకమునుపే స్నానపుగది తూమునుండి మురుగు పైకుబికినది. ఏల?

మురుగు పల్లమునకు పాఱును. కావున దానిని చేర్చు గుంటలను, ఎత్తిపోయు యంత్రములను, శుద్ధిచేయు శాలలను పల్లపునేలలందే కట్టుదురు. వరదయు తొలుత నచ్చటికే వచ్చును. నీరు సోకిన విద్యుద్యంత్రములు నిలిచిపోవును; గొట్టములు నిండి, మురుగు వచ్చినదారినే యిండ్లకు మరలును.

డెల్టాలో నీ కష్ట మింకను హెచ్చు. బుడమేరు కొల్లేటిలో కలియును. కొల్లేటినీరు ఉప్పుటేటివెంట సముద్రము చేరవలెను. సముద్రము పొంగినపు డా దారియు మందగించును. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలలో వేలకొలది జనులు మరణించిరి. సంపన్నమగు న్యూయార్కు నగరమున సైతము 2012 అక్టోబరులో శాండీ తుపాను వేళ శుద్ధిశాలలలో ఉప్పునీరు చొచ్చి, శుద్ధిగాని మురుగు నదులలో గలిసెను. పిదప నచ్చటివారు యంత్రములను ఎత్తునకు మార్చుటకు పూనుకొనిరి.

ఈ యుపాయము మనకు క్రొత్తది కాదు. వాననీరు చొరకుండ బావికి గట్టెత్తి కట్టిన మన పెద్దల యెఱుకయే యిది. విద్యుత్పరికరములను గతవరద మట్టమునకు మీద నిలుపుట, శుద్ధిశాలచుట్టు కరకట్ట కట్టుట, మురుగును వెలికి విడిచి వరదను లోనికి రానీయని తలుపులు తూముల కమర్చుట నగరపాలకుల పని. అడుగుట మన పని. ఓటునకై వచ్చినవారిని రోడ్డు ఎప్పుడు వేయుదురని యడుగుదుము. మురుగు యంత్ర మెంత ఎత్తున నున్నదని యే యిల్లాలైన నడిగినదా?

ఇక మన చేతిలోనివి కొన్ని కలవు. కాలువలో చెత్త వేయరాదు. వరదసూచన రాగానే మంచినీరు పట్టి, మూతపెట్టి ఎత్తున నుంచవలెను. వరద తీసిన పిదప నీటిని బాగుగా తెర్లనిచ్చి, అటుపై నొక నిమిషము మరగించి చల్లార్చి త్రాగవలెను. బిడ్డలను మురుగునీట దిగనీయరాదు.

మా యింటివారు బడిలో బుడమేటి దారిని పలకపై గీసి చూపుచున్నారు. ఆ బాలికలు రేపటి గృహిణులు. మన మడుగ మఱచిన ప్రశ్నను వారు మఱవకుందురు గాక!