ఇంట్లో జనరేటర్ ఉందా? తుపాను సీజన్‌కు ముందే ఇవి చూసుకోండి.. కనెక్షన్ తప్పయితే లైన్‌మేన్ ప్రాణానికే ముప్పు!

తుపాను హెచ్చరిక వచ్చిందంటే చాలు.. బంటుమిల్లి, కృత్తివెన్ను, పెడన వైపు ఊళ్లలో అందరికీ ముందు గుర్తొచ్చేది కరెంటే. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరాన్ని తాకింది. రెండుసార్లూ కృష్ణా డెల్టా చీకట్లో గడిపింది. స్తంభాలు పడిపోతే కరెంట్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు చిన్న జనరేటర్ కనిపిస్తోంది. కొందరు కొత్తది కొంటున్నారు. ఇంకొందరు చేను దగ్గర వాడకుండా పడున్న పాత ఆయిల్ ఇంజిన్‌కు ఆల్టర్నేటర్ బిగించి సొంతంగా తయారు చేయించుకుంటున్నారు.

రొయ్యల చెరువులున్న ప్రాంతం కాబట్టి ఇంజిన్ అంటే ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఏరియేటర్లు ఆగితే రొయ్య బతకదు కాబట్టి చెరువు గట్టు మీద ఇంజిన్‌ను రోజూ చూసుకుంటారు. ఇంట్లో జనరేటర్‌ సంగతి అలా కాదు. ఏడాదిలో పది నెలలు గోనెపట్టా కిందే ఉంటుంది. సరిగ్గా తుపాను రాత్రే దాన్ని బయటికి తీస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పాత ఇంజిన్‌తో జనరేటర్.. లెక్క ఇదీ

మన దగ్గర కరెంట్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఆ 50 రావాలంటే మామూలుగా దొరికే నాలుగు పోల్స్ ఆల్టర్నేటర్ నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. ఇంజిన్ కూడా 1500 చుట్లదే అయితే రెండింటినీ నేరుగా కలపొచ్చు. 650 చుట్లు తిరిగే పాతకాలం ఇంజిన్ అయితే బెల్టు, పుల్లీలు కావాలి. అప్పుడు ఇంజిన్ వైపు పుల్లీ ఆల్టర్నేటర్ పుల్లీ కంటే సుమారు 2.3 రెట్లు పెద్దదిగా ఉండాలి.

మరి ఎంత కరెంట్ వస్తుంది? ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఆ లెక్కన 5 హెచ్‌పీ ఇంజిన్‌కు 3,730 వాట్లు రావాలి. కానీ బెల్టులో, ఆల్టర్నేటర్‌లో కొంత పోతుంది. ఇంజిన్‌ను ఎప్పుడూ ఫుల్‌ లోడ్‌లో నడపకూడదు కూడా. అందుకే ఒక కేవీఏకి రెండు హెచ్‌పీ అని లెక్క వేసుకోవడం మేలు. అంటే 5 హెచ్‌పీ ఇంజిన్‌కు 2.5 కేవీఏ ఆల్టర్నేటర్, దాని మీద లోడు 2,000 వాట్లకు మించకుండా ఉండాలి.

మూడు ఫ్యాన్లకు 225 వాట్లు, ఐదు ఎల్‌ఈడీ బల్బులకు 45, ఫ్రిజ్‌కు 200, టీవీ, ఫోన్లకు మరో 100 అనుకోండి. మొత్తం కలిపినా 600 దాటదు. దీనికి తోడు ఒక హెచ్‌పీ నీళ్ల మోటారు వేస్తే ఇంకో వెయ్యి వాట్లు. కానీ మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంట్ లాగుతుంది. కాబట్టి ముందు మోటారు ఒక్కటే వేసి ట్యాంకు నింపుకోవాలి. అది ఆపేశాక మిగతావి వేసుకోవాలి. ఏసీ సంగతి మర్చిపోండి.

వోల్టేజీ తగ్గిందని యాక్సిలరేటర్ తిప్పి ఇంజిన్ స్పీడు పెంచేవాళ్లున్నారు. అలా చేస్తే హెర్ట్జ్ మారిపోయి ఫ్రిజ్ కంప్రెసర్, ఫ్యాన్ కాయిల్ కాలిపోవచ్చు. స్పీడు చూసుకోవడం గవర్నర్ పని, వోల్టేజీ చూసుకోవడం ఏవీఆర్ పని. తేడా వస్తే మెకానిక్‌ను పిలవండి. ఇంకో మాట.. తిరిగే బెల్టుకు జాలీ తప్పనిసరి. చీర కొంగు, లుంగీ, మెడలో తువ్వాలు చిక్కుకుంటే చేతులు అడ్డం పెట్టే టైమ్ కూడా ఉండదు.

రెండు వైపులా పిన్నులున్న వైరు.. యమ డేంజర్!

జనరేటర్‌ను ఇంటి వైరింగ్‌కు ఎలా కలుపుతున్నారన్నదే అన్నిటికంటే ముఖ్యం. చాలామంది రెండు చివరలా పిన్నులున్న వైరు ఒకటి చేసుకుంటారు. ఒక చివర జనరేటర్‌కు, రెండో చివర గోడ ప్లగ్గుకు పెడతారు. ఇంట్లో లైట్లు వెలుగుతాయి, పని అయిపోయిందనుకుంటారు.

కానీ ఆ కరెంట్ ఇంట్లోనే ఆగదు. మెయిన్ ఆపకపోతే మీటరు మీదుగా వీధి స్తంభానికి వెళ్తుంది. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరితే పరిస్థితి ఇంకా దారుణం. మామూలుగా 11 కేవీని మనింటి వోల్టేజీకి తగ్గించే ఆ ట్రాన్స్‌ఫార్మర్, వెనక నుంచి వచ్చిన 230 వోల్టులను వేల వోల్టులుగా పెంచేస్తుంది. సరిగ్గా అదే టైమ్‌లో లైన్‌మేన్ తెగిన తీగ పట్టుకుని ఉండొచ్చు. సబ్‌స్టేషన్‌లో లైన్ ఆపించుకుని, కరెంట్ లేదన్న నమ్మకంతోనే ఆయన స్తంభం ఎక్కుతాడు. వీధిలో తెగిపడిన తీగ తొక్కిన మనిషికైనా, గేదెకైనా అదే గతి.

మెయిన్ ఆపేసి వాడుతున్నాం కదా అంటారా? అర్ధరాత్రి వర్షంలో, కంగారులో ఒక్కసారి మర్చిపోతే చాలు. పైగా ఆ వైరు ఒక చివర ఊడితే పిన్నులు బయటికి కనిపిస్తూనే 230 వోల్టులతో ఉంటాయి. పిల్లలు ముట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. జనరేటర్ నడుస్తుండగా అసలు కరెంట్ వచ్చేస్తే రెండూ ఢీకొని ఆల్టర్నేటర్ కాలిపోతుంది.

దీనికి పరిష్కారం ఒక్కటే, చేంజోవర్ స్విచ్. హ్యాండిల్ ఒకవైపు ఉంటే లైన్ కరెంట్, రెండో వైపు తిప్పితే జనరేటర్, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలిసే వీలే ఉండదు. ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ను కూడా మార్చే రెండు పోల్స్ స్విచ్ పెట్టించుకోండి. జనరేటర్ బాడీకి విడిగా ఎర్త్, లైనులో ఎంసీబీ కూడా ఉండాలి. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.

వాన తడుస్తుందని వరండాలో పెడుతున్నారా?

ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. 2020 ఆగస్టులో అమెరికాలోని లూసియానాను లారా తుపాను తాకినప్పుడు, గాలివాన తగ్గాక కూడా జనరేటర్ పొగ పీల్చి పలువురు చనిపోయారు.

మన దగ్గర ఈ ముప్పు ఇంకా ఎక్కువ. తుపానులో వాన జల్లు ఏటవాలుగా కొడుతుంది. జనరేటర్ తడుస్తుందని వరండాలోకో, మెట్ల కిందకో లాగేస్తారు. గాలికి తలుపులన్నీ మూసేసి ఉంటాయి. సందుల్లోంచి పొగ గదుల్లోకి చేరుతుంది. తలుపు కాస్త తీసి ఉంచితే చాలనుకోవద్దు.

జనరేటర్ ఇంటి తలుపులు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. సైలెన్సర్ ఇంటి వైపు తిరిగి ఉండకూడదు. నీళ్లు నిలిచే ఊళ్లు కాబట్టి ఎత్తుగా సిమెంట్ దిమ్మె కట్టించి, నాలుగు స్తంభాల మీద రేకు వేయించుకుంటే సరిపోతుంది. చుట్టూ గోడలు వద్దు. గాలివాన జోరుగా ఉన్న ఆ కొన్ని గంటలు టార్చిలైటుతో సర్దుకోవడమే మంచిది. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే ఆలస్యం చేయొద్దు. అందరినీ బయటి గాలిలోకి తీసుకొచ్చి 108కి ఫోన్ చేయండి.

స్టార్ట్ కాకపోవడానికి కారణాలివే

నెలకోసారి 20 నుంచి 30 నిమిషాలు నడపండి. ఊరికే కాదు, సగం లోడైనా వేసి నడపాలి. లోడు లేకుండా నడిపితే డీజిల్ ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది. నెలల తరబడి అసలు నడపకపోతే కొన్ని ఆల్టర్నేటర్లలో అయస్కాంత శక్తి తగ్గిపోయి, ఇంజిన్ తిరుగుతున్నా కరెంట్ రాదు.

పెట్రోల్ జనరేటర్‌ అయితే వాడకం అయ్యాక ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను లాగేస్తుంది. నిల్వ పెట్రోల్ జిగురుగా మారి జెట్ మూసుకుపోతుంది. డీజిల్‌ది అయితే ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదిలేయాలి. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే పైపులో గాలి చేరుతుంది, దాన్ని తీసేదాకా స్టార్ట్ కాదు.

చిన్న పెట్రోల్ జనరేటర్లకు సాధారణంగా మొదటి 20 గంటలకు, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఆరు నెలలకు ఇంజిన్ ఆయిల్ మార్చాలి. డీజిల్ ఇంజిన్‌కు మాన్యువల్‌లో ఉన్నట్టు చేయండి. సముద్రపు ఉప్పు గాలికి టెర్మినళ్లు తుప్పు పడతాయి, అవి కూడా శుభ్రం చేయించండి.

2,000 వాట్ల లోడుకు డీజిల్ గంటకు దాదాపు లీటరు అవుతుంది. ఇంధనం పోసే ముందు ఇంజిన్ ఆపి చల్లారనివ్వాలి. వేడి సైలెన్సర్ మీద పెట్రోల్ చుక్క పడితే మంటే.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు ఓ మాట

150 ఏహెచ్ బ్యాటరీ పూర్తిగా ఎక్కడానికి మామూలుగా 10 గంటలకు పైనే పడుతుంది. రెండు గంటలు జనరేటర్ వేస్తే ఫుల్ అవుతుందనుకోవద్దు. జనరేటర్ కరెంట్‌ను ఇన్వర్టర్ తీసుకోకపోతే, యూపీఎస్ మోడ్ నుంచి నార్మల్ మోడ్‌కు మార్చి చూడండి.

సెప్టెంబర్ చివరికల్లా ఇవి చేసేయండి

- ఆయిల్, ఫిల్టర్, బ్యాటరీ, బెల్టు చెక్ చేయించండి
- చేంజోవర్ స్విచ్, ఎర్త్ ఎలక్ట్రీషియన్‌కు చూపించండి
- రెండు వైపులా పిన్నులున్న వైరు ఉంటే వెంటనే కోసి పడేయండి
- లోడు వేసి అరగంట నడిపి చూడండి
- ఇంట్లో కనీసం ఇద్దరికి స్టార్ట్ చేయడం, ఆపడం నేర్పండి

తెగిన తీగ కనిపించినా, స్తంభం పడిపోయినా దగ్గరికి వెళ్లకుండా విద్యుత్ హెల్ప్‌లైన్ 1912కి ఫోన్ చేయండి.